ఖాళీ డిస్కు కొనే ముందు



ఈ నెల ఒక చిన్న వస్తువును గురించి వ్రాయుచున్నాము. అది మనము ఇంటిలో బొమ్మలు, పాటలు వ్రాసుకొనుటకు కొనే ఖాళీ డీవీడీ. దానికేమున్నది, ఏ దుకాణములో అడిగినా ఇస్తారు గదా అని కొందరనుకొనవచ్చును. కాని నారాయణఖేడ్ చుట్టుపట్ల గ్రామములలోను తాండాలలోను తిరుగునప్పుడు మేము తరచుగా వినే మాటలలో ఒకటి, "అయ్యగారూ, పెండ్లి సీడీ ఆడుత లేదు, జర చూడుండ్రి" అన్నది. (మన ప్రాంతములో వీసీడీ అయినా డీవీడీ అయినా అందరికీ అది సీడీయే. అందులో తప్పు పట్టనవసరము లేదు.) బీరువాలో బట్టల నడుమ భద్రముగా దాచిన డిస్కు, ఒక్క గీత కూడ పడని డిస్కు, పదేండ్ల తరువాత యంత్రములో పెడితే అది డిస్కే కాదన్నట్లు బయటికి వచ్చుచున్నది. దాచినవారు చేసిన లోపమేమియు లేదు. చాలమట్టుకు అది కొన్ననాడే, వ్రాసిననాడే నిర్ణయమైపోయిన సంగతి.

"ఈ రోజులలో డిస్కులెవరు వాడుచున్నారు, అంతా ఫోనులోనే ఉన్నది గదా" అని మన యువకులు నవ్వుదురు. వారి మాటను కొట్టివేయము. అయితే ఫోను నీళ్ల బిందెలో పడుట, బస్సులో పోవుట మనకు తెలియనిది కాదు. ఇప్పుడు ఫొటో స్టూడియోలవారు పెండ్లి వీడియోను పెన్‌డ్రైవులో ఇచ్చుచున్నారు. పెన్‌డ్రైవులో సమాచారము విద్యుదావేశముగా నిలిచియుండును. దేనికిని తగిలించక సంవత్సరముల తరబడి మూలన ఉంచితే ఆ ఆవేశము మెల్లమెల్లగా జారిపోవును. అంతకంటె ముందే ఇంటిలోని పిల్లవాడు పాటలు ఎక్కించుకొనుటకు అక్క పెండ్లిని తుడిచివేయును. ఒక్కసారి మాత్రమే వ్రాయగల డీవీడీ మీద వ్రాసి ముగించిన తరువాత ఎవరును తుడువలేరు, వైరస్ కూడ దానిలోనికి చొరబడలేదు. ఈ గుణము కొరకే మేము ఇప్పటికిని డిస్కును విడువలేదు. పైగా 1990లలో తీసిన వీడియో క్యాసెట్లు, ఆ తరువాతి వీసీడీలు ఇంకను ఎన్నో ఇండ్లలో ఉన్నవి. వాటిని ఇప్పుడు మార్చి వ్రాసుకొననియెడల కొంతకాలమునకు వాటిని ఆడించే యంత్రములే దొరకవు.

డిస్కు ఎందుకు పాడగునో తెలిసికొంటే ఏది కొనవలెనో సగము తెలిసినట్లే. దుకాణములో కొనే సినిమా డీవీడీ వేరు, ఇంటిలో వ్రాసుకొనే డీవీడీ వేరు. సినిమా డిస్కును కర్మాగారములో అచ్చు వేస్తారు; సన్నని గుంటలు ప్లాస్టిక్కులోనే పడియుండును. ఖాళీ డిస్కులో అట్టి గుంటలు లేవు, పలుచని రంగు పూత ఉన్నది. మన యంత్రములోని ఎర్రని లేజరు కిరణము ఆ రంగును అక్కడక్కడ కాల్చి మచ్చలు చేయును. ఆ మచ్చలే మన పెండ్లి, మన పాట, మన పెద్దల గొంతు. రంగు వెనుక అద్దమువలె మెరిసే లోహపు పూత, దానికి ఇరుప్రక్కల 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలకలు రెండు, వాటిని అతికించు జిగురు. అంతా కలిపి 1.2 మిల్లీమీటర్లు. మచ్చల వరుసకు వరుసకు నడుమ ఎడము 0.74 మైక్రోమీటర్లు, అనగా ఒక తలవెంట్రుక వెడల్పులో ఇంచుమించు నూరు వరుసలు ఇమిడిపోవును.

ఎండలో నెలల తరబడి ఆరవేసిన రంగుచీర వెలిసిపోవునట్లే ఈ రంగును వెలియును. వెలసినప్పుడు కాలిన చోటికిని కాలని చోటికిని తేడా తగ్గిపోయి లేజరు చదువలేకపోవును. జిగురు అంచుల వరకు సమముగా పట్టనియెడల చెమ్మ, గాలి లోనికి ప్రవేశించి వెండి పూతను నల్లబరచును. మంచి రంగు, సమమైన పూత, శుభ్రమైన జిగురు ఉన్న డిస్కు మంచి డిస్కు. ఈ మూడింటిలో ఏది తగ్గినా చెడ్డ డిస్కు. బాధ ఏమనగా, ఈ మూడును కొనేవాని కంటికి సరిగా కనబడవు. గనుక చేసినవాడెవడో తెలియవలెను.

వ్రాసుకొనే సీడీని మొదట లోకమునకు తెచ్చినది జపానులోని తైయో యూడెన్ సంస్థ. అది 1988 నాటి మాట. మన ఇండ్లలోని డిస్కులలో ఎక్కువ వాటికి పుట్టినిల్లు మాత్రము ఉత్తరప్రదేశ్‌లోని నోయిడా. మోజర్ బేర్ అన్న పేరు మరచినవారుండరు. 1983లో దీపక్ పురి ఢిల్లీలో ఆరంభించిన ఈ సంస్థ, పనివారి రాకపోకల వేళను నమోదుచేసే గడియారములతో మొదలై, ఫ్లాపీ డిస్కులు చేసి, 1999 నుండి సీడీలలోనికి దిగినది. కొద్ది సంవత్సరములలోనే ప్రపంచములోని అతి పెద్ద ఖాళీ డిస్కుల తయారీదారులలో ఒకటైనది. తరువాత సినిమాల వీసీడీలను 28 రూపాయలకు, డీవీడీలను 34 రూపాయలకు అమ్మజూపినది. అంతకు ముందు అసలు డిస్కు వందల రూపాయలు పలికేది. తెలుగు సినిమాలు కూడ అట్లే మన ఊరి దుకాణములకు వచ్చెను. డీవీడీ ప్లేయర్లు గ్రామములలో విస్తరించుటకు అది ఒక కారణమని మా అభిప్రాయము.

ఆ సంస్థ ఇప్పుడు లేదు. 2017లో దివాలా ప్రక్రియలోనికి వెళ్లినది, 2018లో ట్రిబ్యునల్ దానిని మూసి ఆస్తులు అమ్మివేయుమని ఆదేశించినది. తైయో యూడెన్ వారు 2015 చివరికి డిస్కుల పని మానుకొనిరి. ఆ యంత్రములను, పద్ధతిని తైవానులోని సీఎంసీ మాగ్నెటిక్స్ తీసికొన్నది. వెర్బాటిమ్ అన్న పేరును 2019లో జపానుకు చెందిన మిత్సుబిషి కెమికల్ సంస్థ అదే సీఎంసీకి అమ్ముటకు ఒప్పుకొన్నది. సోనీ సంస్థ వ్రాసుకొనే బ్లూరే డిస్కుల తయారీని 2025 ఫిబ్రవరిలో ఆపివేసినది. ఈ వివరములన్నియు నారాయణఖేడ్‌లోని రైతు కుటుంబమునకెందుకని అడుగుదురేమో. దుకాణపు అరలో దుమ్ము పట్టియున్న డబ్బా ఎన్నేండ్ల నాటిదో ఈ సంవత్సరములే చెప్పును, అందుకు.

ఇక్కడ కొంచెము ఆగవలెను. అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థ 2003లో డిస్కుల సంరక్షణపై ఒక మార్గదర్శిని ప్రచురించినది. ఫ్రెడ్ బయర్స్ అనునాయన దానిని వ్రాసెను. వ్రాసిన తరువాత డిస్కు ఎంతకాలముండునో అందరును అడుగుదురు గాని, వ్రాయక ముందు ఎంతకాలముండునో అడుగువారు తక్కువ. ఖాళీ డిస్కుకు 5 నుండి 10 సంవత్సరములు మాత్రమే నమ్మవచ్చునని జాగ్రత్తగల అంచనాగా ఆ పుస్తకము చెప్పుచున్నది. వ్రాయని రంగు కూడ లోలోపల ముదురుచునే ఉండును. గనుక 2018కి ముందు చేసిన మోజర్ బేర్ డబ్బా ఇప్పుడు చవకగా దొరికితే, అది ఒకప్పుడు ఎంత మంచిదైనా, పెండ్లి వ్రాయుటకు తగదు. ఆ పేరును మేము నిందించుట లేదు. 2006, 2007లలో ఆ డిస్కుల మీద వ్రాసిన క్రిస్మసు కార్యక్రమములు మా యొద్ద నేటికిని ఆడుచున్నవి. పాత విత్తనము మంచి కంపెనీదే అయినా మొలకెత్తునా? ఇదియు అంతే. విత్తన సంచి మీద తేదీ చూచు రైతు డిస్కు డబ్బా మీద కూడ తయారైన నెల, సంవత్సరము చూడవలెను. మన దేశములో అమ్మే పొట్లముల మీద అది అచ్చు వేయబడియుండును. తేదీ గీకివేసిన డబ్బాను, విప్పి విడిగా అమ్మే డిస్కులను కొనకపోవుట మంచిది.

ఇక పేరు సంగతి. అట్ట మీది పేరు ఒకటి, డిస్కు పుట్టిన ఇల్లు వేరొకటి. పెండ్లి సంబంధమునకు పిల్లవాని పేరు మాత్రము విని ఒప్పుకొనము గదా. ఇంటిపేరేమి, ఏ ఊరివారు, పెద్దలెవరు అని అడుగుదుము. డిస్కు విషయములోను అట్లే అడుగవలెను. ఎన్నో ప్రసిద్ధ పేర్లవారు తమ డిస్కులను తాము చేయక ఇతరుల కర్మాగారములలో చేయించిరి. మోజర్ బేర్ వారు విదేశపు పేర్లవారికి చేసి పంపిరి. తైవానులోని రైటెక్, సీఎంసీ సంస్థలు కూడ అట్లే చేసెను. ఒకే పేరుగల రెండు డబ్బాలలో రెండు వేర్వేరు కర్మాగారముల సరుకు ఉండుట కలదు.

అసలు ఇంటిపేరు డిస్కులోనే వ్రాయబడియున్నది. ప్రతి ఖాళీ డీవీడీ లోపలి భాగమున తయారీదారుని గుర్తును కర్మాగారములోనే అచ్చు వేస్తారు. కంటికి కనబడదు, కంప్యూటరుకు కనబడును. ఇమ్‌జిబర్న్ అన్న ఉచిత ప్రోగ్రామును తెరచి ఖాళీ డిస్కును పెడితే కుడి ప్రక్కన ఆ వివరములు వచ్చును. నీరో ప్రోగ్రాములతో కూడ చూడవచ్చును. అక్కడ ఎం.సి.సి. అని ఉంటే మిత్సుబిషి కెమికల్ వారి పద్ధతి, టి.వై.జి. అని గాని యూడెన్ అని గాని ఉంటే తైయో యూడెన్, ఎం.బి.ఐ. అంటే మోజర్ బేర్ ఇండియా, సీఎంసీ మ్యాగ్ అంటే సీఎంసీ, రైటెక్ అంటే రైటెక్. మొదటి రెండింటికి చాలకాలము మంచి పేరున్నది. కడపటి రెండింటిలో మంచివియు నాసివియు రెండును వచ్చెను. గుర్తే లేని డిస్కును, నోటికి రాని గుర్తులున్న డిస్కును పాటలు వినుటకు వాడుకొనవచ్చును గాని దాచుకొనుటకు వాడరాదు.

అయితే గుర్తును కూడ దొంగిలించినవారున్నారు. చిన్న కర్మాగారములు పెద్దవారి గుర్తును తమ డిస్కులలో అచ్చు వేసికొనిన సందర్భములు కలవు. గనుక గుర్తు సరిపోయినంత మాత్రాన పూర్తిగా నమ్మరాదు. ఒక డిస్కు తీసి వెలుతురుకు అడ్డముగా పట్టి చూడండి. రంగు ఒక ప్రక్క చిక్కగా, ఒక ప్రక్క పలుచగా మేఘములవలె ఉంటే విడిచిపెట్టండి. అంచు చుట్టు వేలు త్రిప్పండి. జిగురు పొంగి గరుకుగా ఉన్నా, రెండు పలకల నడుమ సందు కనబడినా అది చాలకాలము నిలువదు. సూదిమొనలంతటి రంధ్రములు వెలుతురులో మెరిస్తే అది మొదటినుండే లోపమున్న డిస్కు. హైదరాబాదు వెళ్లినవారు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోని కంప్యూటరు దుకాణములలో అడుగవచ్చును. మనకు దగ్గరగా సంగారెడ్డి, జహీరాబాద్, బీదర్ ఉన్నవి. ఎక్కడ కొన్నను బిల్లు తీసికొని, మొదట పది డిస్కుల పొట్లము మాత్రము కొని, నాలుగు వ్రాసి పరీక్షించి, నచ్చితే అదే రకమును పెద్ద డబ్బాగా కొనండి. ఏడాదికి సరిపడునన్ని చాలును. యాభై చవక అని వంద కొని ఏడేండ్లు వాడుట లాభమని తోచునే గాని, పైన చెప్పిన కారణము చేత అది నష్టమే.

ప్లస్ ఆర్ కొనవలెనా, మైనస్ ఆర్ కొనవలెనా అని పలువురు అడుగుదురు. ఇప్పటి యంత్రములు రెండింటిని వ్రాయును, రెండింటిని ఆడించును. ఇంటిలో చాల పాత ప్లేయరు ఉన్నవారికి మైనస్ ఆర్ కొంచెము మేలు. చెరిపి మరల వ్రాసే ఆర్‌డబ్ల్యూ డిస్కులు దాచుకొనుటకు పనికిరావు. రెండు పొరల 8.5 జీబీ డిస్కులు వెల ఎక్కువ, వ్రాయుటలో తప్పులును ఎక్కువ. ఒకదానిలో పట్టని కార్యక్రమమును 4.7 జీబీ డిస్కులు రెండింటిలో వ్రాయుటయే సుఖము. రెండు గంటల వీడియోకు ఒక డిస్కు అనుకొనండి. నాలుగు గంటలు ఒకదానిలో ఇరికించమంటే ఇరుకును గాని పెండ్లికుమార్తె ముఖము గళ్లు గళ్లుగా కనబడును.

మంచి డిస్కు తెచ్చి త్వరపడి వ్రాస్తే ఫలము లేదు. డబ్బా మీద 16 ఎక్స్ అని ఉండును. అది గరిష్ఠ వేగము, ఆజ్ఞ కాదు. 16 ఎక్స్ వేగమున నిండు డిస్కు ఐదారు నిమిషములలో ముగియును. 8 ఎక్స్‌లో ఎనిమిది నిమిషములు దాటును. 4 ఎక్స్‌లో పావుగంట. స్టూడియోలలో పెండ్లిండ్ల తొందరలో అందరును గరిష్ఠ వేగమునకే వ్రాస్తారు, వారి కష్టము వారిది. మనకు ఇంటిలో ఏమి తొందర? 8 ఎక్స్ మా అనుభవములో మధ్యస్థము. మరీ నెమ్మదిగా వ్రాయుటయు మంచిది కాదు, ఏలయనగా 16 ఎక్స్ కొరకు చేసిన రంగు మిక్కిలి తక్కువ వేగమున సరిగా కాలకపోవచ్చును. వ్రాయుట లోపలి వలయమునుండి అంచువైపునకు సాగును. చెడు డిస్కులలో లోపము మొదట కనబడునది అంచున. గనుక 4.7 జీబీ అని ఉన్నంత మాత్రాన అంచు వరకు నింపక, కొంత చోటు విడిచిపెట్టుట వివేకము. వ్రాసిన తరువాత సరిచూడుము అన్న గడి ప్రోగ్రాములో ఉండును. దానికి గుర్తు పెట్టండి. ఇంకొక పది నిమిషములు పట్టును గాని, వ్రాసినదానిని మొదటినుండి చదివి అసలుతో పోల్చి చూచును. ముగింపు కూడ చేయవలెను. ముగించని డిస్కు కంప్యూటరులో కనబడి టీవీ క్రింది ప్లేయరులో కనబడదు.

ఇప్పుడు ఒక కుటుంబము సంగతి చెప్పెదము. పేరు వ్రాయము. తండ్రి మరణించి చాల సంవత్సరములైనది. ఆయన గొంతు ఎక్కడను మిగులలేదు, కుమార్తె పెండ్లి డీవీడీలో తప్ప. పిల్లను అప్పగించునప్పుడు అల్లుని చెయ్యి పట్టుకొని పలికిన నాలుగు మాటలున్నవి. ఆ డిస్కు గత సంవత్సరము క్రిస్మసు వరకు చక్కగా ఆడినది. ఈస్టరుకు పెడితే విందు దగ్గర ఆగిపోయినది. అప్పగింతలు విందు తరువాతనే గదా. "మొన్నటిదాక మంచిగనే ఆడె, ఇంతల ఏమైంది అయ్యగారూ" అని ఆ తల్లి అడిగినది.

ఆమె అడిగినదానికి కారణమున్నది, అది అందరును తెలిసికొనదగినది. డిస్కు మీద సమాచారముతో పాటు, తప్పులను దిద్దుకొనుటకు కావలసిన లెక్క కూడ వ్రాయబడియుండును. ఒక చిన్న భాగము చెడితే యంత్రము ఆ లెక్కను బట్టి పోయినదానిని మరల కట్టుకొనును, మనకు తెర మీద ఏమియు తెలియదు. రంగు వెలిసిన కొలది తప్పులు పెరుగుచునే ఉండును, యంత్రము దిద్దుచునే ఉండును. దిద్దగలిగినంత హద్దు దాటిన దినమున బొమ్మ ఒక్కసారిగా ఆగిపోవును. చెదలు తిన్న దూలము రంగు వేసియున్నంత కాలము గట్టిగానే కనబడును గదా. క్యాసెట్టు అయితే గొంతు మెల్లగా బొంగురుపోయి ముందుగా హెచ్చరించేది. డిస్కు అట్లు హెచ్చరించదు. నిన్న మంచిగా ఆడినదన్న మాట రేపటికి ఏ హామీయు కాదు.

ఆ డిస్కును మెత్తని నూలుగుడ్డతో నడుమనుండి అంచునకు నిలువుగా తుడిచి (గుండ్రముగా తుడువరాదు, గీత పడితే వరుస వెంట పడి యెక్కువ నష్టము చేయును), మూడు యంత్రములలో పెట్టి చూచితిమి. క్రొత్త ల్యాప్‌టాప్‌కు తగిలించినది చదువలేదు. ఇంకొకటియు చదువలేదు. ఒక పాత డెస్క్‌టాపులోని యంత్రము తడబడుచు, ఒక రాత్రియంతా పట్టి చదివినది. అప్పగింతలలో రెండు చోట్ల తునిగినది గాని మాటలు నిలిచినవి. అందరికీ ఇట్లే దొరకునని చెప్పలేము. అదే వారము వచ్చిన ఇంకొక డిస్కు, ఒక బాలుని బాప్తిస్మపు కార్యక్రమము, ఏ యంత్రములోను తెరుచుకొనలేదు. మన ఇంటిలో ఒక యంత్రము చదువనంత మాత్రాన డిస్కును పారవేయవద్దనుటకు దీనిని వ్రాసితిమి. ఒక్కొక్క యంత్రపు చూపు ఒక్కొక్క విధముగా ఉండును.

డిస్కు మీద పేరు వ్రాయునప్పుడు బాల్‌పెన్ను వాడవద్దు. సీడీలో వెండి పూత పైముఖము క్రిందనే ఉండును, పెన్నుమొన నొక్కితే నేరుగా దానికే గాయము. డీవీడీలో నడుమనున్నందున కొంత నయము గాని నొక్కుడుకు పలకలు విడును. డిస్కుల కొరకే అమ్మే నీటి సిరా మార్కరుతో నడిమి పారదర్శకమైన వలయము మీద వ్రాయుట అన్నిటికంటె క్షేమము. వధూవరుల ఫొటోతో అంటించే కాగితపు స్టిక్కర్లు చూపునకు బాగుండును, కాని ఒక ప్రక్క బరువై డిస్కు తిరుగునప్పుడు ఊగును, వేసవిలో జిగురు ముడుచుకొని పలకను లాగును. స్టూడియోవారు అంటించి ఇచ్చిన పాత స్టిక్కరును మాత్రము పీకవద్దు. పీకితే పూత దానితోనే వచ్చును.

ముందు చెప్పిన అమెరికా పుస్తకము డిస్కులను 4 నుండి 20 డిగ్రీల చల్లదనములో, 20 నుండి 50 శాతము తేమలో ఉంచుమని చెప్పుచున్నది. మే నెలలో నలుబది దాటే మన ప్రాంతములో, రేకుల ఇంటిలో, 20 డిగ్రీలు ఎక్కడనుండి తెచ్చెదము? చేయగలిగినది చేయుదము. రేకుల క్రింది అటకమీద పెట్టకండి, టీవీ మీద పెట్టకండి, కిటికీ గూటిలో అసలే పెట్టకండి. ఎండ తగలని లోపలి గదిలో, నేలకు దగ్గరి అరలో, చెక్క పెట్టెలో గట్టి డబ్బాలలో నిలువుగా నిలబెట్టి ఉంచితే ఇంటిలోని వేడిలో అది అన్నిటికంటె తక్కువ వేడిగల చోటు. ప్లాస్టిక్ కవర్లు వేడికి డిస్కునకు అంటుకొనును, అవి వద్దు. యిర్మీయా అనాతోతు పొలపు క్రయపత్రమును మంటికుండలో ఉంచుమన్న సంగతి మనము చదివియున్నాము. 1947లో కుమ్రాను గుహలో దొరికిన తోలు చుట్టలు కూడ కుండలలోనే దొరికెను. చీకటి, పొడి, చల్లదనము. ఆనాటి తోలునకు కావలసినదే నేటి రంగు పూతకును కావలెను.

కొందరు ఎం-డిస్కును గురించి అడిగిరి. అందులో రంగునకు బదులు రాతివంటి పదార్థపు పొర ఉండును, లేజరు దానిలో గుంట చేయును. అమెరికాలోని యూటా రాష్ట్రపు మిల్లెనియాటా సంస్థ దానిని తెచ్చినది. వెయ్యి సంవత్సరములు ఉండునని తయారీదారులు చెప్పుకొనిరి. వెయ్యేండ్లు ఉండి చూచువారెవరు! అయినను వెలుతురుకు, వేడికి అది మామూలు డిస్కుకంటె గట్టిదన్న మాట నమ్మదగినదే. వ్రాయుటకు ఆ గుర్తున్న యంత్రము కావలెను. చదువుటకు మామూలు యంత్రము చాలును. వెల మాత్రము చాల ఎక్కువ. ఇంటిలో అత్యంత ప్రియమైన ఒకటి రెండింటికి సరిపెట్టుకొనవచ్చును. ఆ వెలకు మంచి మామూలు డిస్కులు అనేకము వచ్చును గనుక మా ఓటు ఎక్కువ ప్రతులకే.

ఒకే కార్యక్రమమును రెండు వేర్వేరు కర్మాగారముల డిస్కుల మీద వ్రాయండి. ఒక రకము చెడినా రెండవది నిలుచును. ఒకటి మీ ఇంట, ఒకటి ఆడపడుచు ఇంట లేక హైదరాబాదులోని తమ్ముని ఇంట ఉంచండి. ఇంటికి నీరు వచ్చినా నిప్పు అంటుకొనినా రెండును ఒకేసారి పోవు. ఫోనులోను పెన్‌డ్రైవులోను ఉన్నదానిని తీసివేయవద్దు, అది మూడవ ప్రతి. ఏటేట క్రిస్మసునకు ఇంటికి సున్నము వేయునప్పుడు సామాను అంతా బయటికి తీస్తాము గదా, ఆ దినమున డిస్కులను కూడ తీసి కంప్యూటరులో ఒక్కొక్కటి పూర్తిగా కాపీ చేసి చూడండి. మొదటి ఐదు నిమిషములు ఆడిందని సంతోషపడితే అంచున ఏమున్నదో తెలియదు. కాపీ చేయునప్పుడు ఎక్కడైన యంత్రము గుర్రుమని ఆగి ఆగి సాగితే, అది హద్దు దగ్గరకు వచ్చినదని అర్థము. ఆ దినముననే క్రొత్త డిస్కు మీద వ్రాయవలెను. ఐదేండ్లకొకసారి ఎట్లైనను క్రొత్తదాని మీదికి మార్చుకొనుట మా పద్ధతి.

చివరగా యంత్రము. క్రొత్త ల్యాప్‌టాపులలో చాలవాటికి డిస్కు గూడు లేదు, యూఎస్‌బీ తీగతో తగిలించే రైటరు విడిగా కొనవలెను. పాత కంప్యూటరును సామానువానికి తూకమునకు వేయక ముందు అందులోని రైటరును విప్పి దాచుకొనండి. పాత డిస్కులను చదువుటలో అవే మిన్నగా ఉండుట పలుమారులు చూచితిమి. పత్తి ఏరే కాలములో గాలిలోని నూగు లోపలి కటకమునకు పట్టును గనుక వాడనప్పుడు గుడ్డసంచిలో కట్టి ఉంచవలెను. వ్రాయుచుండగా కరెంటు పోతే ఆ డిస్కు ఇక పనికిరాదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, లేక ఇన్వర్టరు ఉన్న ఇంటిలో వ్రాయండి. వ్రాయుచున్న పది నిమిషములు ఆ బల్లను కదపకుండ, అదే కంప్యూటరులో వేరొక పని చేయకుండ ఉండవలెను. పిల్లలకు ముందే చెప్పియుంచండి.